ఇక్కడ అరబిక్ మాట్లాడితే శిక్ష

మా స్కూల్లో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్. ఎవరెవరు మాట్లాడారో క్లాస్ లీడర్ చీటీ మీద రాసి సాయంత్రం మిస్‌కి ఇచ్చేవాడు. తమాషా ఏంటంటే, పేరు రాయొద్దని వాణ్ని బతిమాలుకునేది కూడా తెలుగులోనే. "ఒరేయ్, ఈ ఒక్కసారికి వదిలెయ్‌రా" అన్నదాన్ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో మాలో ఎవరికీ తెలీదు. చెప్పినా వాడికి అర్థమయ్యేది కాదు. మీలో చాలామందికి ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది. మీ దగ్గర ఫైన్ ఐదు రూపాయలై ఉండొచ్చు, గోడకుర్చీ అయి ఉండొచ్చు.

కొన్నేళ్ల కిందట ఎడ్వర్డ్ సయీద్ ఆత్మకథ 'అవుట్ ఆఫ్ ప్లేస్' చదువుతుంటే ఆ రూపాయి మళ్లీ గుర్తొచ్చింది. సయీద్ జెరూసలేంలో పుట్టి, కైరోలో పెరిగి, న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో ఇంగ్లిష్ సాహిత్యం పాఠాలు చెప్పిన పాలస్తీనా మేధావి. తూర్పు దేశాల గురించి పడమటి వాళ్లు రాసిన రాతల వెనక ఏముందో విప్పి చూపించిన 'ఓరియంటలిజం' (1978) ఆయనదే. అంతటాయన చిన్నప్పుడు చదివిన స్కూల్లో ఒక రూల్ బుక్ ఉండేది. దాని మొదటి పేజీలోనే పెద్ద రూలు: ఇక్కడ ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష వినపడకూడదు, వినపడితే శిక్ష.

పాఠాలు చెప్పే వాళ్లంతా బ్రిటిష్ వాళ్లు. వినే పిల్లల్లో ఒక్కడికి కూడా ఇంగ్లిష్ ఇంటి భాష కాదని సయీద్ రాస్తాడు. అరబ్బులు, ఆర్మేనియన్లు, గ్రీకులు, ఇటాలియన్లు, యూదులు, టర్కులు. ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో భాష. అన్నీ నిషేధమే.

ఈ వారం కథ ఆ స్కూలుదే. పేరు విక్టోరియా కాలేజ్. పేరులో కాలేజ్ ఉంది గానీ అది బడే, మగపిల్లల బడి. ఈజిప్టులో పుట్టి, 'మిడిల్ ఈస్ట్‌కి ఈటన్' అనిపించుకుంది. ఈటన్ అంటే ఇంగ్లండ్‌లో ప్రధానమంత్రుల్ని తయారుచేసే స్కూలు. ఇది రాజుల్ని తయారుచేసింది. ఇంకా చాలామందిని కూడా, వాళ్ల దగ్గరికి వద్దాం.

రాణి పేరు, దొర అండ

1882లో బ్రిటన్ అలెగ్జాండ్రియా మీద ఫిరంగులు పేల్చి ఈజిప్టులో అడుగుపెట్టింది. దేశం చేతికొచ్చింది గానీ, పెద్దింటి పిల్లలు మాత్రం ఫ్రెంచ్ మాట్లాడుతున్నారు. మంచి స్కూలు అంటే ఫ్రెంచ్ ఫాదర్లు నడిపే స్కూలే. విదేశీయుల తగాదాలు తేల్చే మిక్స్‌డ్ కోర్టుల్లో కూడా నడిచేది ఎక్కువగా ఫ్రెంచే. ఊరు మాది, పలుకు వాళ్లదా అని బ్రిటిష్ వాళ్లకి లోపల లోపల మంటగా ఉండేది.

1901 జనవరిలో విక్టోరియా రాణి చనిపోయింది. ఆవిడ పేరు మీద ఏదైనా కట్టాలి. అలెగ్జాండ్రియాలోని బ్రిటిష్ వ్యాపారులు, వాళ్లతో పాటు నగరంలోని యూదు సంపన్నులు చందాలు వేసుకున్నారు. 1902లో స్కూలు తెరుచుకుంది. కొన్నేళ్లకే ఊరికి తూర్పున పెద్ద స్థలంలోకి మారింది. బ్లేజర్లు, ప్రిఫెక్టులు, క్రికెట్, ఇంగ్లండ్ నుంచి వచ్చే పరీక్ష పేపర్లు, అన్నీ అక్కడి పబ్లిక్ స్కూలు మూసలోనే. ఒక్క తేడా ఉంది. ఏ మతం వాడినైనా, ఏ దేశం వాడినైనా చేర్చుకుంటారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. 'ఇంటర్నేషనల్' అని బోర్డు మీద లేకపోయినా, మన ఊళ్లలో బోర్డు మీద ఆ మాట పెట్టుకున్న చాలా స్కూళ్లకన్నా అది ఎక్కువ ఇంటర్నేషనల్.

దీని వెనక కొండంత అండ లార్డ్ క్రోమర్. పేరుకి బ్రిటన్ ప్రతినిధి, నిజానికి ఈజిప్టుని ఏలినవాడు. ఈ దొరకి మనతో సంబంధం ఉంది. ఈజిప్టుని ఏలడానికి రాకముందు ఆయన ఇండియాలో రెండు దఫాలు పనిచేశాడు. ఒకసారి వైస్రాయ్‌కి ప్రైవేట్ సెక్రటరీగా, తర్వాత ఆర్థిక వ్యవహారాలు చూసే సభ్యుడిగా. ఇండియాలో ఆయన నేర్చుకున్న పాఠం ఏంటంటే, నేటివ్‌లకి ఎక్కువ చదువు చెప్తే లాయర్లవుతారు, పేపర్లు పెడతారు, తర్వాత మన మీదే మాట్లాడతారు. (నిజమే, మాట్లాడారు.)

అందుకే ఈజిప్టులో ప్రభుత్వ బడులకి డబ్బు బిగపట్టాడు. ఫీజులు పెట్టాడు. యూనివర్సిటీ కావాలని అక్కడి వాళ్లు అడుగుతుంటే పడనివ్వలేదు. ఆయన 1907లో వెళ్లిపోయాక, 1908లో గానీ కైరోలో యూనివర్సిటీ రాలేదు. అదే మనిషి విక్టోరియా కాలేజ్‌కి మాత్రం వెన్నుదన్ను. ఊరందరి చదువుకి తాళం, పదిమంది చదువుకి దర్వాజా. ఈ స్కూలు మీద ఈజిప్షియన్ల కోపం తర్వాతెప్పుడో పుట్టింది కాదు. పునాదిలోనే ఉంది.

దొంగచాటు భాష

రూలు సంగతికి వద్దాం. ఒక గ్రీకు కుర్రాడు, ఒక ఆర్మేనియన్, ఒక యూదు పిల్లాడు, ఒక పాలస్తీనా వాడు. టీచరు వెళ్లిపోయాడు. ఇప్పుడు వీళ్లు ఏ భాషలో మాట్లాడుకుంటారు?

అరబిక్‌లో. కొందరికి ఫ్రెంచ్ కూడా వచ్చు, కానీ దాదాపు అందరికీ వచ్చింది అరబిక్. ఇళ్లలో పనివాళ్లతో, వీధిలో, ట్రాముల్లో మాట్లాడేది అదే. టీచర్లకి రానిది కూడా అదే. ఇంగ్లిష్ దొరలకి అర్థం కాకుండా, వాళ్ల ముందే వాళ్లని తిట్టుకోవడానికి అంతకన్నా మంచి భాష ఏముంటుంది? అరబిక్ మాట్లాడడం తమకి తిరుగుబాటులా ఉండేదని, దొరల రూలుకి ఎదురు నిలబడి అందులో తలదాచుకున్నామని సయీద్ రాస్తాడు.

నాకు ఇక్కడ నవ్వొచ్చింది. అరబిక్‌ని తుడిచెయ్యడానికి పెట్టిన రూలు, ఇంట్లో అరబిక్ ఊసే లేని పిల్లలకి కూడా దాన్ని స్నేహితుల భాషగా మార్చేసింది. మా క్లాసులోనూ అంతే. ఎప్పుడూ హిందీలో మాట్లాడుకునే మార్వాడీ కుర్రాడొకడు మా అందరికన్నా ముందు తెలుగు బూతులు నేర్చుకున్నాడు.

నవ్వు వరకూ బాగానే ఉంది. రెండో వైపు చూడాలి.

సయీద్ పేరే చూడండి. ఆ రోజుల్లో ఇంగ్లండ్ యువరాజు పేరు ఎడ్వర్డ్, అది నచ్చి వాళ్లమ్మ కొడుక్కి పెట్టింది. దాని పక్కన అచ్చమైన అరబ్ ఇంటిపేరు. పుట్టాక తను ముందు మాట్లాడింది ఇంగ్లిషో అరబిక్కో తనకే తెలీదంటాడు ఆయన. ఒకటి మాట్లాడుతుంటే రెండోది లోపల వినిపిస్తూ ఉండేదట. 1948లో పాలస్తీనా చెదిరిపోయింది, ఆయన బంధువులు కాందిశీకులయ్యారు. 1949లో పద్నాలుగేళ్ల పిల్లాడు కైరో విక్టోరియా కాలేజ్‌లో చేరాడు. ఇంట్లో అత్త కాందిశీకుల కోసం రోజంతా తిరుగుతోంది. బడిలో ఇంగ్లండ్ చదువు, ఇంగ్లండ్ పరీక్ష. తన ఇల్లు ఎందుకు పోయిందో చెప్పే పాఠం అందులో లేదు.

కైరోలో బ్రాంచి ఎందుకొచ్చిందంటే, రెండో ప్రపంచ యుద్ధం వల్ల. అలెగ్జాండ్రియా భవనాన్ని బ్రిటిష్ సైన్యం ఆసుపత్రి కోసం తీసుకుంది. పిల్లల్ని సర్దడానికి అక్కడో హోటల్, కైరోలో ఒక కొత్త బ్రాంచి. యుద్ధం అయిపోయాక కూడా కైరోది ఉండిపోయింది, మాది అనే శివారు కాలనీలో. సయీద్ చదివింది అక్కడే. పిల్లల్ని నాలుగు 'హౌస్‌'లుగా విడగొట్టేవాళ్లు. మన స్కూళ్లలో గాంధీ హౌస్, నెహ్రూ హౌస్, టాగూర్ హౌస్ ఉంటాయి కదా, ఆ పద్ధతే. అక్కడి హౌస్‌ల పేర్లు కిచెనర్, క్రోమర్, ఫ్రోబిషర్, డ్రేక్.

క్రోమర్ ఎవరో చెప్పాను. ఫ్రోబిషర్, డ్రేక్ సముద్రాల మీద ఓడలు కొల్లగొట్టిన ఇంగ్లిష్ నావికులు. కిచెనర్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. 1898లో సూడాన్‌లో ఓమ్‌దుర్మాన్ యుద్ధం గెలిచిన సేనాపతి. అక్కడి జనం భక్తితో చూసే మహదీ సమాధిని పగలగొట్టించి, అస్థికల్ని బయట పడేయించాడు. ఇది ఇంగ్లండ్‌లోనే గొడవైంది. ఆ మహదీ మునిమనవడు సాదిక్ అల్ మహదీ, తర్వాత రెండుసార్లు సూడాన్ ప్రధాని అయ్యాడు. ఆయన్ని చదువుకోమని ఇంట్లోవాళ్లు పంపింది ఎక్కడికనుకున్నారు? అలెగ్జాండ్రియా విక్టోరియా కాలేజ్‌కే. ముత్తాత సమాధి తవ్వించిన వాడి పేరు మీద కైరోలో ఒక హౌస్ ఉన్న స్కూలు అది.

అయినా పంపారు. ఎందుకంటే సూడాన్‌లోనూ, జోర్డాన్‌లోనూ, ఇరాక్‌లోనూ పెద్ద కుర్చీకి దారి ఇంగ్లిష్‌లోంచే పోతుందని పెద్దవాళ్లకి తెలుసు. మన అమ్మానాన్నలకి తెలిసినట్టే.

ఒకే గ్రౌండ్‌లో ఎవరెవరు

ఇప్పుడు పేర్లు. ఇది కాస్త సరదా భాగం.

జోర్డాన్ రాజు హుస్సేన్ అలెగ్జాండ్రియాలో చదివాడు. 1951 జులైలో జెరూసలేంలో తాతగారిని కళ్ల ముందే కాల్చి చంపారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో హ్యారో స్కూలుకి వెళ్లాడు, ఆ మరుసటేడే పదహారేళ్లకి రాజయ్యాడు. బల్గేరియా పిల్లరాజు సిమియన్ సింహాసనం పోగొట్టుకుని కుటుంబంతో అలెగ్జాండ్రియా చేరి ఇక్కడే చదివాడు. ఈయన కథ ఇంకా విచిత్రం. 2001లో తిరిగెళ్లి ఎన్నికల్లో గెలిచి అదే దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు. అల్బేనియా నుంచి పారిపోయిన రాజు కొడుకు లేకా కూడా ఇక్కడే. గద్దె ఉన్నవాళ్లు, గద్దె పోయినవాళ్లు ఒకే బెంచీ.

ఆయుధాల బ్రోకర్‌గా ప్రపంచమంతా పేరుమోసిన సౌదీ కోటీశ్వరుడు అద్నాన్ ఖషోగ్గీ ఇక్కడి విద్యార్థే. ఒక క్లాస్‌మేట్ వాళ్ల నాన్నకి తువ్వాళ్లు కావాలి, ఇంకో క్లాస్‌మేట్ వాళ్ల నాన్న తువ్వాళ్లు తయారుచేస్తాడు. ఇద్దరినీ కలిపి కమిషన్ కొట్టడంతో ఆయన వ్యాపారం మొదలైందని ఒక కథ చాలాకాలంగా తిరుగుతోంది. నెట్‌వర్కింగ్ కోసం పిల్లల్ని ఇంటర్నేషనల్ స్కూల్లో వేసే వాళ్లకి ఈ కథ బాగా నచ్చుతుంది.

ఇక సినిమా వాళ్లు. యూసుఫ్ షహీన్, ఈజిప్టు సినిమాకి అతిపెద్ద దర్శకుడు, అలెగ్జాండ్రియా క్యాంపస్ కుర్రాడు. తన చిన్నతనం మీద ఆయన తీసిన 'అలెగ్జాండ్రియా... వై?' 1979లో బెర్లిన్‌లో సిల్వర్ బేర్ గెలిచింది. అందులో హీరో ఈ స్కూల్లోనే చదువుతాడు, షేక్‌స్పియర్ అంటే పిచ్చి, అమెరికా వెళ్లి యాక్టర్ అవ్వాలని కల. యుద్ధం నడుస్తున్న ఊళ్లో ముస్లింలు, క్రైస్తవులు, యూదులు కలిసి బతకడం ఆ సినిమా నిండా ఉంటుంది. స్కూలుని తిడుతూనే ప్రేమిస్తాడు షహీన్. ఈ వ్యాసం చదివి ఒక్క సినిమా చూడాలనుకుంటే అదే చూడండి.

ఆయనే 1954లో ఒక కొత్త కుర్రాణ్ని హీరోగా పరిచయం చేశాడు. అసలు పేరు మిషెల్ షల్హూబ్. తర్వాత ప్రపంచానికి ఒమర్ షరీఫ్. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో ఎడారి అంచున చిన్న చుక్కలా మొదలై ఒంటె మీద మెల్లగా దగ్గరయ్యే ఆ మనిషి. షరీఫ్ కూడా విక్టోరియా కాలేజే. ఎందుకు చేరాడో ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పేవాడు. చిన్నప్పుడు బాగా లావు. ఫ్రెంచ్ స్కూల్లో తిండి బాగుంటోంది. ఇంగ్లిష్ వాళ్ల వంట ఎంత ఘోరంగా ఉంటుందో తెలిసిన వాళ్లమ్మ, అక్కడ పడేస్తే సన్నబడతాడని ఇంగ్లిష్ బోర్డింగ్‌లో చేర్చిందట. సన్నబడ్డాడు. ఇంగ్లిష్ కూడా వచ్చింది. ఆ ఇంగ్లిషే లేకపోతే హాలీవుడ్ లేదని ఆయనే ఒప్పుకునేవాడు.

సయీద్ ఆత్మకథలో షరీఫ్ ఇంకోలా కనిపిస్తాడు. స్కూలు హెడ్ బాయ్ మిషెల్ షల్హూబ్, చిన్నపిల్లల్ని ఏడిపించడంలో దిట్ట. అందగాడు, స్టైలిష్, మనం తెర మీద చూసి పడిపోయిన మనిషే. కానీ జూనియర్‌కి గుర్తున్నది వేరు. అధికారం చెయ్యాలంటే దొరలు అక్కర్లేదు, మనలోంచే ఒకణ్ని లీడర్‌గా పెడితే చాలు. మా చీటీల క్లాస్ లీడర్ లాగే.

ఇంగ్లిష్ వేరు, నిషేధం వేరు

"మరి షరీఫ్‌కి మేలే జరిగింది కదా, ఆ స్ట్రిక్ట్‌నెస్ వల్లే కదా" అని మీరు అనొచ్చు. ఈ మాట నేను చాలామంది పేరెంట్స్ నోట విన్నాను. ఇంగ్లిష్ అక్కర్లేదని నేను అనను. అక్కర్లేదని చెప్పే పెద్దమనుషుల పిల్లలంతా ఎక్కడ చదువుతున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

కానీ ఇక్కడ రెండు పనులు ఉన్నాయి. ఒకటి ఇంగ్లిష్ బాగా చెప్పడం. మంచి టీచర్లు, మంచి లైబ్రరీ, నాటకాలు, డిబేట్లు. విక్టోరియా కాలేజ్‌లో అవి ఉన్నాయి. రెండోది, ఇంటి భాషని తప్పుగా, నేరంగా చూపించడం. మొదటి దానికి రెండోది అవసరం లేదు. కలిపి చూపించడమే మోసం. రూపాయి ఫైన్ కట్టిన మా క్లాసులో ఎవరికీ ఆ ఫైన్ వల్ల ఇంగ్లిష్ రాలేదు. మాట్లాడడం తగ్గింది, అంతే.

2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు మాట్లాడినందుకు చిన్నపిల్లల మెడలో పలకలు కట్టారు. ఇంకెప్పుడూ తెలుగు మాట్లాడనని ఆ పలకల మీద ఇంగ్లిష్‌లో రాశారు. ఫొటోలు బయటికొచ్చి రాష్ట్రమంతా గొడవైంది, ప్రభుత్వం విచారణ అంది. అందరం ఆ ఒక్క స్కూలుని తిట్టాం. పలక కట్టకుండా అదే పని చేసే స్కూళ్లలో మన పిల్లల్ని వెయ్యడం మాత్రం ఆపలేదు. అలెగ్జాండ్రియాలో ఆ రూలు పెట్టింది దొరలు, ఇక్కడ పెట్టింది మనమే. అంతే తేడా.

ఆ రూలు మనిషిని ఎంతకాలం వెంటాడుతుందో సయీద్ దగ్గర చూడొచ్చు. ప్రపంచమంతా వినే ఇంగ్లిష్ ప్రొఫెసర్. 1972లో, నలభైకి దగ్గర పడుతుండగా, బీరూట్‌లో ఒక సంవత్సరం ఉండి, అనీస్ ఫ్రైహా అనే పండితుడి దగ్గర రోజూ కూచుని అరబిక్ వ్యాకరణం నేర్చుకున్నాడు. చిన్నప్పుడు మాట్లాడిన భాషే. కానీ అది ఇంటి మాట, గ్రౌండ్‌లో దొంగచాటు మాట. సభలో నిలబడి మాట్లాడే, వ్యాసం రాసే అరబిక్ ఆయనకి ఏ స్కూలూ సరిగ్గా ఇవ్వలేదు. తర్వాతెప్పుడో కైరోలో అరబిక్‌లో ఉపన్యాసం ఇస్తే, బంధువుల కుర్రాడొకడు వచ్చి, నువ్వు ఇంకా బాగా మాట్లాడతావనుకున్నానని నిరాశగా అన్నాడట. ఇంగ్లిష్‌లో ఆయన్ని ఆ మాట అనగలిగే వాడు అమెరికాలో లేడు.

మా క్లాస్ లీడర్ గుర్తున్నాడుగా, ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. వారం వారం కూతుర్ని తెలుగు క్లాసుకి కారులో దింపుతాడు. పోయినసారి వీడియో కాల్‌లో వెనక నుంచి వినపడింది, "తెలుగులో చెప్పమ్మా, తెలుగులో!" ఇప్పుడెవరు చీటీ రాస్తున్నారురా అని అడిగాను. నవ్వాడు గానీ ఎక్కువ నవ్వలేదు.

గేటు రెండోసారి

1951. కైరోలో వేడి పెరుగుతోంది. కాలువ దగ్గర బ్రిటిష్ సైన్యం ఇంకా ఉంది, ఎందుకుందని జనం అడుగుతున్నారు. ఆ వేడి క్లాసురూముల్లోకీ వచ్చింది. పిల్లలకి టీచర్లంటే భయం పోయింది, టీచర్లకి పిల్లలంటే కసి పెరిగింది. షేక్‌స్పియర్ చెప్పే మాస్టారితో గొడవ ముదిరి సయీద్‌ని స్కూలు నుంచి గెంటేశారు. ఇక ఇంగ్లిష్ స్కూళ్లలో ఈ పిల్లాడికి భవిష్యత్తు లేదని తండ్రికి అర్థమైంది. ఆ ఏడే అమెరికాకి, మసాచుసెట్స్‌లోని ఒక బోర్డింగ్ స్కూలుకి పంపేశాడు. తర్వాత కొన్ని నెలలకే, 1952 జనవరి 26న, కైరో తగలబడింది. బ్రిటిష్ హోటళ్లు, క్లబ్బులు, షాపులతో పాటు సయీద్ వాళ్ల నాన్న స్టేషనరీ షాపు కూడా కాలిపోయింది. జులైలో సైన్యం గద్దెనెక్కింది, రాజు ఫరూక్ అలెగ్జాండ్రియా రేవు నుంచే ఓడెక్కి వెళ్లిపోయాడు.

1956 జులై 26న నాసర్ అదే ఊళ్లో, జనసముద్రం ముందు, సూయజ్ కాలువ ఇకనుంచి ఈజిప్టుదని ప్రకటించాడు. అక్టోబరు ఆఖర్లో ఇజ్రాయెల్, వెంటనే బ్రిటన్, ఫ్రాన్స్ దాడి చేశాయి. బాంబులు వేసే దేశం రాణి పేరు మీద స్కూలు ఇక నడుస్తుందా? బ్రిటిష్ వాళ్లని దేశం నుంచి పంపేశారు. స్కూలుని ప్రభుత్వం తీసుకుంది. కొత్త పేరు 'అల్ నస్ర్', అంటే విజయం. ఇంగ్లిష్‌లో విక్టరీ కాలేజ్. విక్టోరియా నుంచి విక్టరీకి మారడానికి బోర్డు మీద ఎక్కువ అక్షరాలు చెరపక్కర్లేదు. నాసర్ పేరూ ఈ నస్ర్ అన్న మాటా ఒకే ధాతువు నుంచి పుట్టాయి, అది ఇంకో తమాషా. రాణి పోయి నాయకుడొచ్చాడు.

న్యాయం జరిగిందనిపిస్తుంది కదా. నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత ఆ క్లాసురూము గుర్తొచ్చింది. గ్రీకు కుర్రాడు, ఇటాలియన్, యూదు పిల్లాడు ఏమయ్యారు? 1956 తర్వాత వేలమంది యూదుల్ని వెళ్లగొట్టారు, కొన్ని తరాలుగా ఉన్న ఇళ్లు వదిలేసి సూట్‌కేసులతో ఓడలెక్కారు. తర్వాతి ఏళ్లలో గ్రీకులు, ఇటాలియన్లు కూడా చాలావరకు వెళ్లిపోయారు. దొరల కళ్లుగప్పి దొంగచాటుగా అరబిక్ మాట్లాడుకున్న పిల్లలు, అరబిక్ గెలిచిన రోజున అక్కడ లేరు. భాష మీద నిషేధం పోయింది, ఆ భాషలో స్నేహం చేసుకున్న మనుషులూ పోయారు. దీన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలో నాకు ఇప్పటికీ తేలలేదు. రూలు పెట్టిన క్రోమర్ వారసుల ఖాతాలోనా, బోర్డు మార్చిన నాసర్ ఖాతాలోనా? ఇద్దరి దగ్గరా బాకీ ఉంది.

స్కూలు ఆగలేదు, కొత్త పేరుతో నడుస్తూ వచ్చింది. అలెగ్జాండ్రియాలో తూర్పు వైపు వెళ్లే ట్రాము చివరి స్టాపుకి, ఆ పేటకి మాత్రం జనం పాత పేరే ఉంచుకున్నారు. ఇంగ్లిష్ 'వీ' అక్షరం పలికే శబ్దం అరబిక్‌లో లేదు కాబట్టి చాలామంది నోట రాణిగారు 'ఫిక్టోరియా' అయిపోయింది.

సయీద్ 1989లో భార్యా పిల్లలతో కైరో వెళ్లినప్పుడు, తను చదివిన స్కూలు చూపిద్దామని వాళ్లని మాదికి తీసుకెళ్లాడు. సెలవు రోజు. ఖాళీ గదులు తిరుగుతూ, ఇక్కడ కూచునేవాణ్ని, ఇక్కడే గొడవైందని చెప్తుండగా, ఇస్లామిక్ దుస్తుల్లో ఉన్న ఒకావిడ వచ్చింది. ఇప్పుడు ఆ స్కూలు ఆవిడ చేతిలోనే ఉంది. ఎవరు మీరు, ఎందుకొచ్చారు అని నిలదీసింది. పాత విద్యార్థినని ఆయన నచ్చజెప్పబోయాడు, నవ్వుతూ మాట కలపబోయాడు. ఆవిడ వినలేదు, వెంటనే బయటికి వెళ్లమంది. మొదటిసారి గెంటేసి అప్పటికి సరిగ్గా 38 ఏళ్లు.